తప్పు ఎవరిది అనే గడి

అమెరికాలో ఉన్న ఒక కుర్రాడి మీద యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, కూర్చుని నేను రోజూ అరిచేవాణ్ని. వాడికి ఇరవై రెండేళ్లు. వాణ్ని నేను ఎన్నడూ కలవలేదు. వాడి గొంతు కూడా వినలేదు, ఎందుకంటే మాకు వచ్చే వీడియోల్లో శబ్దం ఉండదు. "విసిరెయ్యరా! ఇంకా ఏటి సూస్తావు, విసిరెయ్యి!" అని తెరని వేలితో పొడిచేవాణ్ని. చుట్టూ ఉన్న బర్మా పిల్లలు మొదట్లో బెదిరిపోయేవారు. తరవాత అలవాటుపడి చెవుల్లో పాటలు పెట్టుకున్నారు.

అదే నా ఉద్యోగం. ముప్ఫై ఏళ్లు మింగళ తౌంగ్‌న్యున్ పేటలో మా ఇంటి వసారాలో పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పినవాణ్ని. ట్యూషన్లు పలచబడ్డాక, నా దగ్గర చదువుకున్న బర్మా అమ్మాయి ఒకామె తను మేనేజరుగా ఉన్న ఆఫీసుకి నన్ను రమ్మంది. చిమిండైంగ్ బజారు వెనక వీధిలో, మూడో అంతస్తు. ఏడుగురం ఉంటాం. అమెరికాలో ఆదివారం ఆడిన ఆటల వీడియోలు మాకు సోమవారం మధ్యాహ్నానికి వస్తాయి. వాటిని ముక్కముక్కగా చూసి, ఏం జరిగిందో షీటులో గడిగడికీ నింపి, బుధవారం సాయంత్రానికి తిరిగి పంపాలి. కరెంటు పోతే జనరేటరు వేస్తారు. జనరేటరు మొరాయిస్తే మెట్ల మీద కూర్చుని ఎదురుచూడటమే. ఆ షీట్లు కొనేవాళ్లని మా మేనేజరు క్లయింటు అంటుంది. అంతకుమించి వాళ్ల గురించి మాకేమీ తెలియదు.

మనకి ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది. వీళ్లది వేరు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారు, లేకపోతే విసురుతారు. ఒక్కో ప్రయత్నం నాలుగైదు సెకన్లలో అయిపోతుంది. మళ్లీ అందరూ లేచి, గుంపుగా చేరి గుసగుసలాడుకుని, మళ్లీ మొదలుపెడతారు. ప్రతిసారీ బంతి ముందుగా ఒకడి చేతికి వస్తుంది. వాడే క్వార్టర్‌బ్యాక్. వాడి ముందు భారీ మనుషులు ఐదుగురు అడ్డం నిలబడి అవతలివాళ్లని ఆపుతుంటారు. ఆ ఆపిన రెండు మూడు సెకన్లలో వాడు ఎవరికి విసరాలో చూసుకోవాలి. మొదట అనుకున్నవాడికి దారి లేకపోతే రెండోవాడు, వాడికీ లేకపోతే మూడోవాడు. ఎవరికీ లేకపోతే బంతిని గీత బయటకి గిరాటెయ్యాలి. ఇవేవీ చెయ్యకుండా నిలబడిపోతే అవతలివాళ్లు వచ్చి బంతితో సహా నేల కూలుస్తారు.

మా కుర్రాడు నిలబడిపోయేవాడు. అంతే, నిలబడిపోయేవాడు. పెళ్లి పంక్తిలో ఆకలిగా ఉన్నవాడు వడ్డించేవాడి వంకే చూసినట్టు, మొదటివాడి వంకే చూస్తుండేవాడు. కుడివైపు ఇంకొకడు ఒంటరిగా చేతులూపుతున్నా కనిపించేది కాదు. కళ్లు ఒకవైపు ఉంటే కాళ్లు ఇంకోవైపు ఉండేవి. ఈలోగా ఎవడో వచ్చి మీద విరుచుకుపడి పడేసేవాడు. నేను వీడియో వెనక్కి తిప్పి మళ్లీ చూసేవాణ్ని, మళ్లీ పడిపోయేవాడు. ఎన్నిసార్లు తిప్పినా పడేవాడే కదా, అయినా ప్రతిసారీ నాకు కొత్తగా ఒళ్లు మండేది.

నాకు చదివే జబ్బు ఉంది. నెట్ ఉన్నప్పుడల్లా ఈ కొత్త క్వార్టర్‌బ్యాక్‌ల గురించి దొరికిందల్లా చదివాను. పూర్వం కొత్తవాణ్ని ఏడాదో రెండేళ్లో పక్కన కూర్చోబెట్టేవారట. సీనియరు ఆడుతుంటే వాడు అట్ట పట్టుకుని రాసుకుంటూ చూసేవాడు. ఇప్పుడు అంత ఓపిక ఎవరికీ లేదు. మొదటి ఆదివారమే దింపేస్తారు. దింపినందుకు కాస్త సాయం చేస్తారు. వాడికి కాలేజీలో అలవాటైన ఎత్తుగడలే కొన్ని ఇస్తారు, మొదట సగం మైదానమే చూడమంటారు. తలకి పెట్టుకున్న టోపీలో శిక్షకుడి గొంతు వినిపిస్తుంది, ఏం ఆడాలో చెవిలో చెబుతుంది. కానీ బంతి కదలడానికి కొన్ని సెకన్ల ముందు ఆ గొంతు ఆగిపోతుంది. నియమం అది. అక్కణ్నుంచి వాడొక్కడే. ఆట మధ్యలో బెంచీ మీద కూర్చున్నప్పుడు చేతిలో పలకలాంటి కంప్యూటరు పెట్టి, ఇప్పుడే ఏం తప్పు చేశావో చూడు అంటారు. ఇవన్నీ చదివాక కూడా నాకు వాడి మీద జాలి రాలేదు. చెవిలో పాఠం చెబుతుంటే పరీక్ష తప్పే పిల్లాణ్ని ముప్ఫై ఏళ్ల ట్యూషన్లలో నేను ఒక్కణ్నీ చూడలేదు.

జట్టు ఓడిన ప్రతిసారీ ఆ శిక్షకుడు పత్రికలవాళ్ల ముందుకొచ్చి, అది నా తప్పే, వాడికి అలాంటి ఎత్తు ఇవ్వకుండా ఉండాల్సింది అనేవాడు. ప్రతివారం అదే మాట. అది చదివితే నాకు చిర్రెత్తుకొచ్చేది. గురువన్నవాడు అలా అంటే శిష్యుడికి భయం ఏముంటుంది?

ఇక మా షీటు సంగతి. అందులో ఇరవైకి పైగా గళ్లుంటాయి. బంతి ఎంతసేపు చేతిలో ఉంది, ఎటు చూశాడు, ఎటు విసిరాడు, ఇలాంటివి. అన్నిటికన్నా చివర ఒక గడి ఉంటుంది: తప్పు ఎవరిది? వాడు కింద పడితే ఆ పాపం ఎవరిదో రాయాలి. ముందు కాపలా ఉన్న ఐదుగురిలో ఒకడిదా, అందుకోవాల్సినవాడిదా, ఎత్తుగడ ఇచ్చినవాళ్లదా, క్వార్టర్‌బ్యాక్‌దా? తేల్చుకోలేకపోతే 'తెలియదు' అని రాయొచ్చని క్లయింటు ఇచ్చిన పుస్తకంలో ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాణ్ని కాబట్టి ఆ పుస్తకం చదివి మిగతావాళ్లకి చెప్పే పనీ, వాళ్ల షీట్లు చెకింగు చేసే పనీ నావి. 'తెలియదు' అనే మాట నాకు నచ్చలేదు. పిల్లాడు పరీక్షలో 'తెలియదు' అని రాస్తే నేను సున్నా వేసేవాణ్ని. అందుకని ఆ వాక్యం పక్కనపెట్టి సొంతంగా ఒక నియమం పెట్టాను. అనుమానం వస్తే క్వార్టర్‌బ్యాక్ అని రాయండి, బంతి వాడి చేతిలోనే కదా ఉంది అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. షీటు పక్కన ఆటగాళ్ల పట్టీ ఉంటుంది, ఎవరు ఎన్నేళ్లనుంచి ఆడుతున్నారో కూడా అందులో ఉంటుంది. కాపలా ఐదుగురూ పాతకాపులు. మావాడి పేరు పక్కన సున్నా. మాకందరికీ చెయ్యి దానంతటదే ఆ సున్నా దగ్గరికి వెళ్లేది.

అలా ఉండగా మా తమ్ముడి భార్యని ఆ ఆఫీసులో పెట్టించాను. లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుట్టు సరిగా పడిందో లేదో చూసే పని ఆమెది. పదకొండేళ్లు చేసింది. ఫ్యాక్టరీ మూసేశారు. తమ్ముడు పికప్ బండి నడుపుతాడు, డీజిలు దొరికిన రోజే బండి కదులుతుంది. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, వాళ్ల బడి ఈమె జీతం మీదే నడిచేది. ఆఫీసులో మూడు నెలలు పరీక్షగా చూసి, పనికొస్తే ఉంచుకుంటారు, లేకపోతే పంపేస్తారు. ఆమె నిలబడుతుందని నేను పూచీ ఇచ్చాను. మా తాతలు ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోసిన రోజుల్లో, మేస్త్రి తెచ్చిన మనిషికి మేస్త్రిదే పూచీ. రేవు పని పోయినా మావాళ్లలో ఆ పద్ధతి పోలేదు. ఎవరినైనా పనిలో పెట్టాలంటే ఒక పెద్దమనిషి వెళ్లి పూచీ నాది అనాలి. అలా అనడంలో నాకు కాస్త గొప్పగానే ఉండేది.

మొదటివారమే తలప్రాణం తోకకొచ్చింది. మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదట కూర్చోదు, మొహం చూసి మాట్లాడదు. ఆమె ఆ మర్యాద ఆఫీసుకి కూడా పట్టుకొచ్చింది. నేను వెనక నుంచి వస్తే చాలు, కుర్చీలోంచి లేచి నిలబడేది. వీడియో ఎక్కడ ఆపిందో తప్పిపోయేది. మళ్లీ మొదటినుంచి వెతుక్కోవాలి.

"కూర్చోవమ్మా! ఇది ఇల్లు కాదు," అనేవాణ్ని.

"అలగే బావగారూ," అని కూర్చునేది. అయిదు నిమిషాలకి మళ్లీ లేచేది.

పైగా నత్తనడక. మిగతావాళ్లు ఒక ఆట పూర్తిచేసేసరికి ఆమె సగంలో ఉండేది. ఒక్కో ప్రయత్నాన్నీ నాలుగైదుసార్లు తిప్పి చూసేది. అదీ బంతి ఉన్నచోట కాదు, ఆ ఐదుగురి కాళ్ల దగ్గర చూసేది. పదకొండేళ్లు కుట్లు చూసిన కళ్లు మరి, ఎక్కడ దారం వదిలిందో వెతికేవి.

ఒకరోజు మా కుర్రాడు మామూలుగానే వెల్లకిలా పడ్డాడు. ఆమె దాన్ని ముందుకీ వెనక్కీ తిప్పుతూనే ఉంది. గడియారం చూసి నాకు విసుగొచ్చి వెళ్లి వెనక నిలబడ్డాను. ఆమె లేచి నిలబడింది.

"ఏటమ్మా, ఇంకా అక్కడే ఉన్నావు?"

"బావగారూ... ఈ ఎడంపక్క పెద్దాయన తన మనిసిని ఒగ్గీసి పక్కోడి మీదకి ఎల్లిపోనట్టు నేదేటి? ఆ సందులోంచే గదా వచ్చీసినాడు."

"ఆ పెద్దాయన పన్నెండేళ్లనుంచి ఆడుతున్నాడు. పట్టీలో చూడు. ఆయనకి తెలియదా ఎవరిని ఆపాలో? నిన్నగాక మొన్న వచ్చినవాడు బంతి పట్టుకుని దిక్కులు చూస్తే ఎవరేం చేస్తారు? అనుమానం వస్తే ఏం రాయమన్నాను?"

"సిన్నోడిదని."

"మరి రాయి."

రాసింది. నేను చెకింగు చేసి, షీటు కింద నా ఉద్యోగి నంబరు వేసి పంపేశాను.

పదోవారం దాకా ఇలాగే నడిచింది. ఈలోగా అక్కడ మా కుర్రాణ్ని రెండు వారాలు పక్కన కూర్చోబెట్టారు. ముసలి క్వార్టర్‌బ్యాక్ ఆడాడు. వీడియో అంచున అప్పుడప్పుడు కనిపించేవాళ్లు, బెంచీ మీద ఆ ముసలాయనా వీడూ ఒకే పలక మీదకి వంగి. ముసలాయన వేలితో ఏదో చూపిస్తుంటే వీడు తలూపేవాడు. తిరిగి దింపాక వాడిలో ఏదో మారింది. మొదటివాణ్ని చూసి, వెంటనే తల తిప్పి రెండోవాణ్ని చూసేవాడు, తలతోపాటు కాళ్లూ తిరిగేవి. మొదటిసారి బంతిని గీత బయటకి గిరాటేసినప్పుడు నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. ఆఫీసంతా నా వంక చూసింది. అయినా వాడు ఇంకా పడుతూనే ఉన్నాడు, మేము ఇంకా వాడి నెత్తినే రాస్తున్నాం.

అప్పుడు క్లయింటు నుంచి ఉత్తరం వచ్చింది. ఆ జట్టు శిక్షకులు తమ ఆటలు తామే చూసుకుని గుర్తులు పెట్టుకున్నారట. వాళ్ల గుర్తులూ మా షీట్లూ పక్కపక్కన పెట్టి పంపారు. వాడు కింద పడిన చోట్లలో సగానికి పైగా వాళ్లు కాపలావాళ్లదనో, ఎత్తుగడ ఇచ్చినవాళ్లదనో రాసుకున్నారు. మా షీట్లలో మాత్రం అన్నీ కుర్రాడివే. ఇలాంటి షీట్లు మాకు అక్కరలేదని ఆ ఉత్తరంలో మర్యాదగానే రాశారు.

మేనేజరు అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. అందరం బర్మా భాషలోనే మాట్లాడుకుంటాం.

"ఈ షీట్లు ఎవరివి?" అంది.

క్లయింటు పంపిన ఆ నాలుగు ఆటలూ మా మరదలు చేసినవే. ప్రతి షీటు మీదా పైన ఆమె నంబరు, కింద చిన్నగా నా నంబరు. అందరూ నా వంక చూశారు. నేను గొంతు సవరించుకుని, "కొత్త మనిషి. ఇంకా నేర్చుకుంటోంది. నేను దగ్గరుండి చూసుకుంటాను," అన్నాను. అన్నప్పుడు నాకు నేను చాలా పెద్దమనసున్నవాడిలా అనిపించాను. ఆమె బల్ల వంకే చూస్తూ కూర్చుంది.

శుక్రవారం సాయంత్రం మేనేజరు ఆమెని పిలిచి, సోమవారం నుంచి రావద్దంది.

నా చికాకు అప్పుడు చూడాల్సింది. నా పూచీ పోయింది. మింగళ తౌంగ్‌న్యున్‌లో నలుగురికీ తెలుస్తుంది. ఇంత నెమ్మదిగా పనిచేసి, ఇన్నిసార్లు తిప్పి చూసి, చివరికి ఇన్ని తప్పులా? ఆదివారం తమ్ముడి ఇంటికని లైంగ్‌థార్యార్ వెళ్లే బస్సు ఎక్కాను. నిలబడే వెళ్లాను. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను.

తమ్ముడు చాప వేశాడు. ఆమె టీ తెచ్చి పెట్టి, తలుపు వారగా నిలబడింది. నేను మొదలుపెట్టాను. ఉద్యోగమంటే ఎలా ఉండాలో, అర్థం కాకపోతే అడగాలని, అడగడానికి సిగ్గుపడితే ఇలాగే అవుతుందని. చాలాసేపే మాట్లాడాను. ఆమె వింది. తమ్ముడు మాత్రం మధ్యలో లేచి లోపలికి వెళ్లి ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పడేశాడు.

"ఇది సూడు అన్నయ్యా."

"ఒగ్గీ మావా, ఎందుకిప్పుడు," అంది ఆమె తలుపు దగ్గరనుంచి.

ఆమెకి తెలుగు మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. తెలుగు మాటల్ని బర్మా అక్షరాల్లో రాసుకుంటుంది. మొదటి పేజీలో మొదటి వరస చదివాను: 'బావగారు సెప్పినాది. తెలకపోతే సిన్నోడిది అని రాయాల.' కింద వారం వారం వరసలు. ప్రతి వరసలోనూ వాడు కింద పడిన చోటు, దాని పక్కన కలంతో 'సిన్నోడు'. ఇంకా పక్కన పెన్సిలుతో సన్నగా ఇంకో మాట. 'ఎడంపక్క పెద్దాయన.' 'అందుకోవలసినోడు ఆగిపోనాడు.' 'మద్దెనోడు.' 'ఇది నిజంగా సిన్నోడిదే.' పేజీ తిప్పితే మళ్లీ అలాగే. మరోటి తిప్పినా అలాగే.

"ఇదేంటమ్మా?"

"నాకు అనిపించినాది ఊరికినే రాసుకున్నాను బావగారూ."

"మరి ఆ రోజు మీటింగులో చెప్పలేదేం? నేను అలా రాయమన్నానని?"

ఆమె చెంగు వేలికి చుట్టుకుంటోంది.

"నీ మాట కాదని నలుగురిలో ఎలగ సెబుద్దన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. "నువ్వు సెప్పాల గానీ. పూచీ అంటే ఏటి? తాత రేవులో ఉన్నప్పుడు ఎవుడైనా మూట జార్చీస్తే తాత ఆడి ఎనకాల దాక్కున్నాడేటి?"

నాకంటే పదేళ్లు చిన్న. జీవితంలో ఎన్నడూ నాతో అలా మాట్లాడలేదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. టీ తాగకుండా లేచాను. అయినా నోటుపుస్తకం మాత్రం చంకలో పెట్టుకునే వచ్చాను. ఎందుకు తెచ్చానో ఆ క్షణాన నాకే తెలియదు.

సోమవారం వీడియోలు రాకముందే క్లయింటు పంపిన ఉత్తరం తెరిచి, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ చూశాను. ఆమె పెన్సిలు రాతా, ఆ శిక్షకుల గుర్తులూ ఒకటో రెండో తప్ప అన్నీ కలిశాయి. అమెరికాలో ఆట ఆడిన పిల్ల కాదు, ఆ ఆట పేరు కూడా రెండు నెలల క్రితం దాకా వినని పిల్ల. నా కింద కూర్చుని, నిజం ఒకచోట రాసుకుని, నేను చెప్పిన అబద్ధం షీటులో రాసింది. మీటింగులో నేనన్న మాట గుర్తొచ్చింది. కొత్త మనిషి, ఇంకా నేర్చుకుంటోంది. మా కుర్రాడి గడిలో పది వారాలు ఏం రాయించానో, ఆ రోజు బల్ల దగ్గర ఆమె గడిలోనూ అదే రాశాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

లేచి మేనేజరు గదిలోకి వెళ్లాను. అది నా నియమం, ఆమెకి నేనే చెప్పాను, పుస్తకంలో 'తెలియదు' అని రాయొచ్చని ఉంటే నేనే దాచాను అని చెప్పాను. అంత కష్టంగా ఎప్పుడూ ఏదీ చెప్పలేదు.

మేనేజరు ఆశ్చర్యపోలేదు. "తెలుసు సయా," అంది. సయా అంటే గురువుగారని. చిన్నప్పటినుంచీ నన్ను అలాగే పిలుస్తుంది.

"తెలుసా?"

"ఆమె రాకముందటి షీట్లు కూడా అన్నీ అలాగే ఉన్నాయి కదా. అందరివీ. చెకింగు మీదే."

"మరి తెలిసీ ఆమెనెందుకు పంపేశావు?"

"క్లయింటుకి ఎవరో ఒకరి పేరు చెప్పాలి. మీ పేరు ఎలా రాస్తాం సయా? ఆనాదె కదా."

ఆనాదె అని ఇక్కడ రోజూ అంటారు. ఎదుటివాడు నొచ్చుకుంటాడేమోనని మనం నోరు కట్టేసుకోవడం. పుట్టినప్పటినుంచీ వింటున్న మాట, నేనూ వందసార్లు వాడిన మాట. ఆ గదిలో మాత్రం నాకు ఆ మాట వింటే మండిపోయింది. ఆఫీసులో అందరికీ తెలుసు. అందరూ నన్ను నొప్పించకూడదని, ఇద్దరు పిల్లల తల్లి ఉద్యోగం తీసేస్తుంటే చూస్తూ కూర్చున్నారు. నేను వాళ్లకి నేర్పిన మర్యాద అదేనా అని అడగబోయాను. అదే అని జవాబు వస్తుందని తెలిసి అడగలేదు.

"ఇప్పుడు రాయి. నా పేరు రాసి పంపు," అన్నాను.

"మీరే రాయండి సయా. నా వల్ల కాదు."

క్లయింటుకి పంపే కాగితం నా వైపు తిప్పింది. అందులోనూ అదే గడి ఉంది. పొరపాటుకి బాధ్యులెవరు? అక్కడ నా నంబరు వేసి, కింద నాలుగు వరసలు ఇంగ్లీషులో రాశాను. ఆ నాలుగు వరసలకి గంట పట్టింది. దానికి నోటుపుస్తకంలో పేజీలు కొన్ని ఫోటోలు తీసి, పక్కన ఇంగ్లీషు రాసి జతచేశాను. రెండు రోజులకి జవాబొచ్చింది. ఆ పెన్సిలు రాత రాసిన మనిషిని చెకింగులో పెట్టమన్నారు. నన్ను చెకింగులోంచి తీసి, మామూలు షీట్లకి దింపారు. ఉద్యోగం ఉంచారు, అదే చాలు అనుకోవాలి. అనుకోవడానికి కొన్నాళ్లు పట్టింది.

ఆమె తిరిగి వచ్చింది. ఇప్పుడు నా షీట్లు ఆమె దగ్గరికి వెళ్లేవి. మొదటి వారం నేను చేసిన ఆట తిరిగొచ్చింది. ఒక్క దిద్దుబాటు కూడా లేదు. గొప్పగా చేశాననుకుని మళ్లీ ఒకసారి చూసుకున్నాను. చూస్తే నాలుగు తప్పులున్నాయి. నా కళ్లకే నాలుగు కనిపించాయి. ఆమె కళ్లకి కనిపించలేదంటే ఎవరు నమ్ముతారు?

నేను తిన్నగా ఆమె బల్ల దగ్గరికి వెళ్లాను. "ఇవేటమ్మా? చూడలేదా?"

"సూసాను బావగారూ."

"చూసి?"

నేలచూపులు చూసింది.

"నువ్వు ఇలా వదిలేస్తే మళ్లీ ఉత్తరం వస్తుంది. ఈసారి నీ నంబరు కింద ఉంటుంది. మళ్లీ ఇంటికెళ్తావు. పిల్లల్ని బడి మాన్పిస్తావు. నాకు మర్యాద చేస్తున్నాననుకుంటున్నావా? తప్పు ఎక్కడుందో అక్కడ రాయి. నా ఎదుటే రాయి."

ఆఫీసంతా మా వైపు తిరిగింది. మేనేజరు కూడా తల తిప్పి చూస్తోంది. ఆమె ఎర్రకలం తీసి, షీటు దగ్గరికి లాక్కుంది. రాయడం మొదలుపెట్టాక ఆగలేదు. మొదటిది, రెండోది, మూడోది, నాలుగోది. అక్కడితో అయిపోయిందనుకుని నేను చెయ్యి చాచాను. ఆమె ఇవ్వలేదు. పేజీ తిప్పి ఐదోది గుర్తుపెట్టింది. ఆరోది. తరవాత ఇంకోచోట ఆగింది. అక్కడ మా కుర్రాడు పడిపోతే, ఈసారైనా వాడికి న్యాయం చేద్దామని నేను కాపలా పెద్దాయనది తప్పని రాశాను.

"ఇది సిన్నోడిదే బావగారూ," అంది. మొదటిసారి నా మొహం వంక చూసి చెప్పింది. "పెద్దాయన బాగానే ఆపినాడు. ఈడే రెండోవోణ్ని సూడకుండా నిలబడిపోనాడు. మీరు జాలిపడి రాసీసినారు."

ఏడు. నాకు కనిపించినవి నాలుగు. ఒక్కోదాని పక్కన నా నంబరు, ఎర్రగా, అందరూ చూస్తుండగా. నేనే రాయమన్నాను. రాయకపోతే అరిచింది కూడా నేనే. అయినా ఆ సాయంత్రం చిమిండైంగ్ నుంచి ఇంటికి వెళ్లేదాకా నాకు కోపం తగ్గలేదు, అదీ ఆమె మీదే.